పై గది ఏసీకి మెదడు ఎక్కడ పెట్టాలి: ఒక ప్రాజెక్టు డైరీ

మార్చి ఆఖరు

గుంటూరు బ్రాడీపేటలో అమ్మానాన్నలు పడుకునే గది మేడ మీదుంది. దానిపైన ఇంకో అంతస్తు లేదు, స్లాబే. తెల్ల కూలింగ్ పెయింటు రెండు పూతలు వేయించాం. మధ్యాహ్నం కొంత నయం గానీ రాత్రి సంగతి మారలేదు. పగలంతా ఎండ తాగిన స్లాబు అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. పదింటికి పడుకునేటప్పుడు 24 పెడితే నాన్నకి చాలదు, 20కి దించుతారు. తెల్లవారుజాముకి స్లాబు చల్లబడుతుంది, ఏసీ మాత్రం అదే 20 పట్టుకుని కూర్చుంటుంది. అమ్మ వణుకుతూ లేచి కట్టేస్తుంది. అరగంటకి చెమటలు. మళ్ళీ లేచి వేస్తుంది. పొద్దున్న కాఫీ దగ్గర ఇద్దరూ దీని మీదే గొడవ.

రిమోట్‌లో స్లీప్ మీట ఉంది. చాలా ఏసీల్లో అది గంటకి ఒక డిగ్రీ చొప్పున ఒకటి రెండు డిగ్రీలు పెంచి ఆగిపోతుంది. అది మొదలయ్యే వేళకి మా స్లాబు ఇంకా కాగుతూనే ఉంటుంది. మాకు కావలసింది దానికి తలకిందులు: మొదటి సగం రాత్రి చల్లగా ఉండాలి, రెండో సగంలో మెల్లగా వదలాలి.

ఇంకోటి కరెంటు బిల్లు. మన రాష్ట్రంలో గృహ వినియోగం బిల్లు స్లాబుల్లో 226 నుంచి 400 యూనిట్ల దాకా యూనిట్‌కి 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. మేలో రెండు ఏసీలు నడిచే ఇంట్లో ఆ చివరి స్లాబు తప్పదు. ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ) చాలాకాలంగా చెబుతోంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న నిబంధన పెట్టించిందీ వాళ్ళే. ఆ 24 మా ఇంట్లో నాన్న వేలు రిమోట్ మీద పడేదాకానే.

ఏప్రిల్ మొదటి వారం

విజయవాడలో నా గదిలో కూర్చుని వెతుకులాట. గది వేడి కొలిచి యంత్రాన్ని నడిపే 'స్మార్ట్ థర్మోస్టాట్' అంటే వచ్చేవన్నీ అమెరికా, యూరప్ ఇళ్ళ సరుకు. అమెరికాలో చాలా ఇళ్ళలో ఇల్లంతటికీ ఒకటే వేడి యంత్రం, ఒకటే చల్లదనం యంత్రం. గోడమీది థర్మోస్టాట్ 24 వోల్టుల సన్న తీగల్ని కలుపుతూ విడదీస్తూ వాటిని నడుపుతుంది. మన స్ప్లిట్ ఏసీకి ఆ తీగలు లేవు. దాని థర్మోస్టాట్ దాని కడుపులోనే ఉంది: లోపలి యూనిట్ గాలి పీల్చుకునే చోట వేడి కొలిచే ఒక చిన్న థర్మిస్టర్. అదీ కప్పు కింద, గదిలో అన్నిటికంటే వేడిగా ఉండే ఎత్తులో. మంచం దగ్గర ఎంత ఉందో దానికి తెలీదు.

కాబట్టి మనకి థర్మోస్టాట్ అంటే రిమోట్ చేసే పనినే కాస్త తెలివిగా చేసే పెట్టె. మంచం ఎత్తున వేడి కొలిచి, ఏసీకి ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే రిమోట్ వాడే కంటికి కనిపించని వెలుగులో, ఆర్డరు వేయాలి. స్మార్ట్ ప్లగ్గు పెట్టి కరెంటే తీసేస్తే పోలా అని ఒక మిత్రుడు అన్నాడు. ఇన్వర్టర్ ఏసీకి అది పనికిరాదు. కంప్రెసర్ వేగం తగ్గించుకుంటూ సన్నగా నడవడంలోనే దాని ఆదా అంతా ఉంది. మాటిమాటికీ కరెంటు తీసి ఇస్తే ఆదా పోతుంది, కంప్రెసర్ ఆయుష్షూ తగ్గుతుంది.

ఎంచుకోవడానికి మూడు దార్లు కనిపించాయి. ఏసీ కంపెనీవాళ్ళ సొంత వైఫై మాడ్యూలు, వాళ్ళ యాప్. లేదా సెన్సిబో, సియెలో లాంటి వాళ్ళు స్ప్లిట్ ఏసీల కోసమే చేసే ఇన్‌ఫ్రారెడ్ పెట్టెలు. లేదా ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై చిప్పు ఉన్న బోర్డు తెచ్చి, ఈఎస్‌పీహోమ్ అనే ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్ ఎక్కించి సొంతంగా చేసుకోవడం.

మొదటి రెండూ తీసిపారేసేవి కావు. డబ్బా తెరిచి పావుగంటలో నడిపించొచ్చు, యాప్ అందంగా ఉంటుంది, వారంటీ ఉంటుంది. నా అనుమానం ఒక్కటే: మా గదిలో ఏసీకి మా గదిలోంచి వెళ్ళాల్సిన ఆర్డరు ఎక్కడో ఉన్న సర్వరు దాకా పోయి రావడం ఎందుకు? ఆ సర్వరు ఎన్నేళ్ళు ఉంటుంది?

దీనికి జవాబు నెస్ట్ కథలో ఉంది. 2011లో మొదటి నెస్ట్ థర్మోస్టాట్ వచ్చింది. 2014లో గూగుల్ ఆ కంపెనీని 3.2 బిలియన్ డాలర్లకి కొంది. అదే ఏడాది నెస్ట్, రివాల్వ్ అనే స్మార్ట్ హోమ్ హబ్ కంపెనీని కొనుక్కుని, 2016లో దాని సర్వర్లు ఆపేసింది. జనం డబ్బు పెట్టి కొన్న హబ్బులు ఎందుకూ కొరగాకుండా పోయాయి. 2025 అక్టోబరు 25న నెస్ట్ మొదటి రెండు తరాల థర్మోస్టాట్లకీ గూగుల్ సపోర్టు ఆపింది. అవి గోడ మీద ఇప్పటికీ పనిచేస్తాయి, చేత్తో తిప్పుకోవచ్చు. ఫోన్లోంచి మాత్రం అందవు. కొన్నప్పుడు చెల్లించింది ఆ ఫోను సౌకర్యానికేగా!

మనకి దగ్గరి ఉదాహరణ హైయర్. 2024 జనవరిలో, వాళ్ళ ఏసీలని హోమ్ అసిస్టెంట్‌లో (ఇంట్లో వస్తువులన్నిటినీ ఒకచోట నుంచి నడిపే ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్) వాడుకునేలా ప్లగిన్ రాసిన ఒక డెవలపర్‌కి అది తీసేయమని నోటీసు పంపారు. గోల రేగాక కంపెనీ వెనక్కి తగ్గి కలిసి మాట్లాడుకుందాం అంది. మన గోడకి ఉన్న ఏసీతో మనం ఏ భాషలో మాట్లాడాలో ఇంకొకరిని అడగాలన్నమాట.

స్మార్ట్ వస్తువులకి మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం ఒకటుంది. 2022 అక్టోబరులో మొదటి వెర్షన్ వచ్చింది. 2023 అక్టోబరులో వచ్చిన 1.2 వెర్షన్లో గది ఏసీలనీ చేర్చారు. దాని ప్రకారం చేసిన వస్తువులతో ఇంటి నెట్‌వర్క్‌లోనే, బయట సర్వరు లేకుండా మాట్లాడొచ్చు. కంపెనీ వస్తువు కొంటూనే తాళం చెవి మన దగ్గర ఉంచుకునే దారి అది. కొత్త ఏసీ కొనేవాళ్ళు షాపులో అది ఉందా అని అడగండి. మాది పాతది, దానికి రిమోట్ ఒక్కటే తెలుసు.

ఏప్రిల్ మధ్య

రిమోట్ భాష పట్టుకునే పని. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం.

గవర్నర్‌పేటలో రేడియో సామాన్లమ్మే షాపులో వీఎస్1838బీ రిసీవర్ కొన్నాను. మూడు కాళ్ళ నల్ల బుడిపె. రిమోట్లు సాధారణంగా వాడే 38 కిలోహెర్ట్జ్ మిణుకుల్ని ఇది పట్టుకుంటుంది. బోర్డుకి తగిలించి, రిమోట్ దానివైపు పెట్టి మీటలు నొక్కుతూ కంప్యూటర్ తెర మీద వచ్చే అంకెలు చూస్తూ కూర్చోవడమే.

టీవీ రిమోట్ 'వాల్యూం ఒక మెట్టు పెంచు' అంటుంది. ఏసీ రిమోట్ అలా అనదు. ఏ మీట నొక్కినా మోడ్, ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం అన్నీ కలిపి మొత్తం స్థితిని ఒకేసారి పంపుతుంది. అంచేత ఒక ఆర్డరు మధ్యలో తప్పిపోయినా ఇబ్బంది లేదు, తర్వాతి ఆర్డరు అంతా సరిచేస్తుంది.

మా రిమోట్ భాష కూలిక్స్ అని పిలిచే ప్రొటోకాల్ అని తేలింది. వేర్వేరు బ్రాండ్ల పేర్లతో అమ్ముడుపోయే చాలా ఏసీల లోపల ఇదే ఉంటుంది. 24 బిట్ల సందేశం, అంటే 24 సున్నాలూ ఒకట్లూ. ఒక్కో బైటు (ఎనిమిది బిట్లు) తర్వాత దాన్నే తిరగేసి, అంటే సున్నాల చోట ఒకట్లు, ఒకట్ల చోట సున్నాలు పెట్టి మళ్ళీ పంపుతుంది. రెండూ పొసగకపోతే ఏసీ ఆ సందేశాన్ని పట్టించుకోదు.

ఉష్ణోగ్రత నాలుగు బిట్లలో ఉంటుంది. 17 అంటే 0000, 18 అంటే 0001. ఇక్కడి దాకా మామూలే. 19 దగ్గర 0010 వస్తుందనుకుంటాం, వచ్చింది 0011. 20కి 0010. 24కి 0100, 25కి 1100. కాసేపు తల గోక్కున్నాక వెలిగింది: ఇది గ్రే కోడ్. పక్కపక్క అంకెల మధ్య ఎప్పుడూ ఒక్క బిట్టే మారుతుంది. ఎవరో ఇంజనీరు రిమోట్‌లోని ఆ నాలుగు బిట్ల విషయంలో ఇంత ముచ్చటపడ్డాడు. 30 దాకా మొత్తం పట్టీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అవసరం లేదు, ఈఎస్‌పీహోమ్‌లో కూలిక్స్ ముందే ఉంది. అయినా రాసుకున్నాను.

ఓపెన్ అనే మాటకి విలువ నాకు ఇక్కడ కనిపించింది. ఐఆర్‌రిమోట్‌ఈఎస్‌పీ8266 అనే లైబ్రరీలో ఇలాంటి ఏసీ ప్రొటోకాళ్ళు పదుల సంఖ్యలో ఉన్నాయి. మన వోల్టాస్ పేరుతో కూడా ఒకటుంది. ప్రతిదాని వెనకా ఎవరో ఒకరు ఇలాగే రిమోట్ పట్టుకుని సున్నాలూ ఒకట్లూ రాసుకుని ఉంటారు.

ఒక తిరకాసు ఉంది. కూలిక్స్‌లో స్వింగ్ మాత్రం మొత్తం స్థితిలో కలవదు. అది ఒకసారి నొక్కితే ఆన్, మళ్ళీ నొక్కితే ఆఫ్ బాపతు. ఏసీ ప్రస్తుతం ఎటు ఉందో పెట్టెకి తెలిసే మార్గం లేదు. అందుకని పెట్టె స్వింగ్ జోలికి పోకూడదని రూలు పెట్టాను.

ఏప్రిల్ ఆఖరు

సామాను: డీ1 మినీ అనే ఈఎస్‌పీ8266 బోర్డు, ఎస్‌హెచ్‌టీ31 ఉష్ణోగ్రత సెన్సరు, 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు రెండు, 2ఎన్2222 ట్రాన్సిస్టరు, రెసిస్టర్లు, పాత ఫోను చార్జరు. అన్నీ కలిపి ఒక మంచి హోటల్లో నలుగురి భోజనం ఖర్చు లోపే.

ఎల్ఈడీని నేరుగా బోర్డు కాలికి తగిలిస్తే వెలుగుతుంది గానీ మంచం పక్క నుంచి ఏసీ దాకా అందదు. ఈఎస్‌పీ8266 కాలు ఇచ్చేది 12 మిల్లీఆంపులు. రిమోట్ దూరం రావాలంటే దాదాపు పదింతలు పంపాలి, అది ట్రాన్సిస్టరు పని. రెండు ఎల్ఈడీలనీ కొంచెం అటూ ఇటూ తిప్పి పెట్టాను, వీటి కాంతి సన్నగా సూటిగా పోతుంది కాబట్టి. వెలుగుతున్నాయో లేదో కంటికి కనిపించదు, ఫోన్ ముందు కెమెరాలో చూస్తే ఊదారంగులో మిణుకుతాయి. కాళ్ళ ఎంపికలో డీ3, డీ4, డీ8 వదిలేయండి. బోర్డు లేచేటప్పుడు వాటిని చూసుకుని లేస్తుంది, అక్కడ ఏదైనా తగిలిస్తే మొరాయిస్తుంది.

డీహెచ్‌టీ11 అనే సెన్సరు చవక, కానీ రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తుంది. ఒక డిగ్రీ కోసం చేస్తున్న పనికి అది దేనికి? సెన్సరుని బోర్డు పక్కనే పెట్టకూడదు, బోర్డు వేడే కొలుస్తుంది. మీటరు పొడవు వైరుతో మంచం తలవైపు, పడమటి గోడకి దూరంగా, ఏసీ గాలి సూటిగా తగలని చోట బిగించాను. రాత్రి పదింటికి అక్కడ 31, కప్పు దగ్గర 34 చూపించింది. ఆ మూడు డిగ్రీల తేడాయే ఇంట్లో కాఫీ దగ్గర గొడవ.

మే మొదటి వారం

అసలు నిర్ణయం ఇది. మెదడు ఎక్కడుండాలి?

ఓపెన్ సోర్సు జనం ఎక్కువమంది చేసేది, ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద హోమ్ అసిస్టెంట్ నడిపి తెలివంతా అందులో పెట్టడం. 2013 నుంచి ఉన్న ప్రాజెక్టు అది, నా గదిలో నేనూ వాడతాను. గుంటూరు ఇంట్లో అది వద్దనుకున్నాను. అక్కడ కరెంటు పోయి వస్తుంది, మెమరీ కార్డు ఎప్పుడో ఒకనాడు చచ్చిపోతుంది, చూసేవాడు ఊళ్ళో ఉండడు. కంపెనీ సర్వరు మీద ఆధారపడనని బయల్దేరి, నా సర్వరు మీద అమ్మానాన్నలని ఆధారపడేలా చేయడం ఏం న్యాయం?

కాబట్టి మొత్తం తెలివి గోడమీది చిప్పులోనే. నెట్ లేకపోయినా, వైఫై లేకపోయినా, నేను లేకపోయినా నడవాలి.

దీనికి రెండు అడ్డంకులు. ఒకటి, ఈఎస్‌పీహోమ్‌కి ఒక అలవాటుంది: హోమ్ అసిస్టెంట్ లాంటిదేదీ వచ్చి తగులుకోకపోతే పదిహేను నిమిషాలకోసారి తనంతట తానే రీస్టార్టు అవుతుంది. వైఫై దొరకకపోయినా అంతే. ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటానేమో అని దాని భయం. సర్వరు ఉన్న ఇళ్ళకి అది మంచిదే. మన లెక్కకి సరిపడదు. రెండు చోట్లా రీబూట్ టైమవుట్‌ని సున్నా చేశాను.

రెండోది గడియారం. చిప్పు నెట్‌లోంచి టైము తెచ్చుకుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు నెట్ లేకపోతే అర్ధరాత్రో మిట్టమధ్యాహ్నమో దానికి తెలీదు, రాత్రి పట్టిక నడవదు. బ్యాటరీ ఉన్న డీఎస్3231 గడియారం మాడ్యూలు కొన్నాను. డీఎస్1307 అనే ఇంకో గడియారం చిప్పు కోసం ఈఎస్‌పీహోమ్‌లో రాసిన డ్రైవరే దీనికీ పనిచేసింది. సెన్సరు వెళ్ళే రెండు తీగల మీదే ఇదీ కూర్చుంటుంది, చిరునామాలు వేరు కాబట్టి తగాదా లేదు. జాగ్రత్త ఒకటి: చవకగా దొరికే నీలం మాడ్యూళ్ళలో బ్యాటరీని చార్జి చేసే సర్క్యూట్ ఉంటుంది. మనం వేసేది మామూలు సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయితే దాన్ని చార్జి చేయకూడదు, ఉబ్బిపోతుంది. చార్జింగు దారిలో ఉన్న చిన్న రెసిస్టర్‌ని పీకేసి, మాడ్యూల్‌కి 5 వోల్టుల బదులు 3.3 ఇచ్చాను.

పట్టిక ఇలా: పది నుంచి అర్ధరాత్రి దాకా మంచం దగ్గర 25న్నర, తర్వాత మూడింటి దాకా 26న్నర, అక్కడి నుంచి తెల్లారేదాకా 27న్నర. దాన్ని అందుకోవడానికి ఏసీకి ఇచ్చే అంకెని ఒక మెట్టు పైకో కిందికో జరుపుతుంది, ఇరవై నిమిషాలకి ఒక మెట్టు మించకుండా. ఆన్, ఆఫ్ చేయదు. అవి మనుషుల చేతుల్లోనే.

మే రెండో వారం

నాన్న పరీక్ష.

పెట్టెని చూసి ఆయన మొదటి ప్రశ్న: "నా రిమోట్ పనిచేస్తదా, చెయ్యదా?"

"చేస్తది నాన్నా."

"మరి ఇదెందుకు?"

అమ్మ అందుకుంది: "మీరు 20 పెట్టకుండా ఉండటానికండీ. పోనియ్యండి, వాణ్ణి చెయ్యనివ్వండి."

రిమోటే పెద్ద. ఇది నేను పెట్టుకున్న అన్నిటికంటే గట్టి రూలు. పెట్టెలోని రిసీవర్ ఎప్పుడూ వింటూ ఉంటుంది. ఎవరైనా రిమోట్ నొక్కితే ఆ కొత్త స్థితిని గుర్తుపెట్టుకుని రెండు గంటలు ఏ ఆర్డరూ వేయదు. తన సొంత ఎల్ఈడీ వెలుగుని కూడా రిసీవర్ వింటుంది కాబట్టి, తను పంపిన తర్వాత ఒక సెకను చెవులు మూసుకునేలా చేశాను. లేకపోతే తన మాటనే నాన్న మాటనుకుని మౌనవ్రతం పట్టేది.

కంపెనీ ఇన్‌ఫ్రారెడ్ పెట్టెల్లో నేను చూసిన ఒకటి రిమోట్‌ని వినదు. యాప్‌లో 26 అని ఉంటుంది, ఏసీ 20 దగ్గర ఉంటుంది, ఎవరిది నిజమో తేలదు. కొనేవాళ్ళు ముందు ఇది కనుక్కోవాలి.

నాన్న మొదట్లో పంతానికి రోజూ పదింటికి 20 నొక్కారు. పెట్టె నోరు మూసుకుంది. పన్నెండింటికి వ్రతం ముగించుకుని మెట్టు మెట్టుగా పైకి ఎక్కడం మొదలుపెట్టింది. అప్పటికి ఆయన నిద్రలో ఉన్నారు. అమ్మ తెల్లవారుజామున లేవడం మానేసింది. కాఫీ దగ్గర ఇప్పుడు ఇడ్లీలో ఉప్పు గురించి గొడవ.

మధ్యలో ఒక మాట, హీటింగ్ సంగతి

విదేశీ థర్మోస్టాట్ల సగం తెలివి చలికాలం కోసమే. మనకి వేడి చేసేది గీజరు ఒక్కటే, అదీ మార్గశిరం, పుష్యం. దానికి తన థర్మోస్టాట్ తనకుంది. టైమరు పెట్టాలనుకుంటే 16 ఆంపుల కాంటాక్టరుతో ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి. చవక రిలే బోర్డుతో ఆ ఆటలు వద్దు. నేను ముట్టుకోలేదు.

రోహిణి కార్తె

రోళ్ళు పగిలే ఎండలంటారు కదా, ఆ రోజులే అసలు పరీక్ష. సాయంత్రం గాలిదుమారానికి వీధిలో కేబుల్ తెగి నెట్ రెండు రోజులు రాలేదు. కరెంటు పోయి వచ్చింది. చార్జరు వెలిగిన వెంటనే పెట్టె లేచి, గడియారం చూసుకుని, ఆ వేళకి పట్టికలో ఉన్న అంకె దగ్గర నిలబడింది. నేను విజయవాడలో ఉన్నాను, నాకేమీ కనిపించలేదు. వారాంతం వెళ్ళినప్పుడు అమ్మ చెబితే తెలిసింది. నెట్ పోయిందన్న సంగతి కూడా నాన్న సీరియల్ రాకపోవడం వల్లే తెలిసిందట.

లోటు లేదా అంటే ఉంది. దూరం నుంచి చూడలేను. గదిలో ఉక్క ఎక్కువగా ఉన్న రాత్రి 26న్నర కూడా చెమట పట్టిస్తుంది. సెన్సరు తేమ కూడా కొలుస్తోంది కాబట్టి, 65 శాతం దాటితే పట్టికలోని అంకెని అర డిగ్రీ కిందికి దించమన్నాను. ఆ 65 సరైనదో కాదో వానలు మొదలయ్యాక చూడాలి. సెట్టింగుల ఫైలు ఒక కాపీ నాన్న బీరువాలో పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెట్టె మూత లోపల వైఫై పాస్‌వర్డు, ఏ తీగ ఏ కాలికో రాసిన చీటీ అంటించాను. నా తర్వాత దీన్ని తెరిచేవాడికి అవే కావాలి.

పక్క పోర్షన్ మాస్టారు వచ్చి చూసి, తమకీ ఒకటి చేసిపెట్టమన్నారు. ఆయన పిల్లలు హైదరాబాదులో, ఇంట్లో ఇద్దరే. సామాను నా దగ్గర ఇంకో జతకి సరిపడా ఉంది. అయినా చేయనన్నాను. పాడైతే ఆయనకి ఎవరు బాగుచేస్తారు? షాపులో దొరికేదే కొనమని, ఎంచుకునేటప్పుడు మూడు అడగమని కాగితం మీద రాసిచ్చాను: నెట్ లేకపోతే పట్టిక నడుస్తుందా, రిమోట్ నొక్కితే దానికి తెలుస్తుందా, మ్యాటర్ ఉందా. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నువ్వే చేసిస్తే ఈ మూడూ అడగక్కర్లేదుగదయ్యా" అన్నారు. ఇంకా కొనలేదు.